కొలతలతో సహా

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు భయాలు చాలా ఉండేవి. వాటిని దారపు ఉండల్లాగా ఒక వరసలో అమర్చుకునేది. వానాకాలం భయాలు వేరు, పరీక్షల భయాలు వేరు. పదమూడేళ్ళ కూతురు బడి నుంచి ఒంటరిగా నడిచి వస్తుంది కదా అని ఒక ఫోను కొనిచ్చిన రోజున, ఆ పాత భయాలన్నీ మర్యాదగా పక్కకు జరిగి కొత్తదానికి పీట వేశాయి.

కూతుర్ని అందరూ గుండుసూది అనేవారు. మనిషి సన్నం, మాట వాడి. గుండుసూది క్షేమం కోరి తల్లి ఒక శాసనం చేసింది. బట్టల నమూనాలు కత్తిరించే దళసరి అట్ట మీద చెరగని సిరాతో రాసి, కుట్టుమిషను ఎదురుగా గోడకు కొట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడరాదు. ఎక్కడ ఉంటావో, ఎప్పుడు వస్తావో చెప్పరాదు. ఫోటోలు పంపరాదు. ప్రతి సాయంత్రం ఫోనును తనిఖీకి హాజరుపరచవలెను. కింద సంతకం, తేదీ. దూరాలకు బస్సు నడిపే భర్త వారానికోసారి ఇంటికొచ్చి అది చదివాడు. "నాకూ వర్తిస్తుందా?" అని అడిగి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తనిఖీల్లో ఎన్నడూ ఏమీ దొరకలేదు. దాంతో ఆవిడ కంగారు రెట్టింపయింది.

"ఏమీ లేదంటే సంతోషించక ఆ ఏడుపు మొహమేంటే?" అంది కాజాల పిన్ని. ఈ పిన్ని చుట్టం కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటి కుట్టు దుకాణంలో కాజాలు కుడుతూ, బొత్తాలు వేస్తూ, ఆ హక్కుతో ఇంటిల్లిపాదినీ తిడుతూ ఉంటుంది.

"పదమూడేళ్ళ పిల్ల ఫోనులో ఏమీ లేదంటే, తుడిచేసిందనేగా పిన్నీ?"

"ఇల్లు శుభ్రంగా ఉంటే దొంగలు పడ్డారనే రకం నువ్వు."

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. ఏ కొత్త గౌను తయారైనా గుండుసూది దాన్ని తొడుక్కుని, బోర్డు కింద నిలబడి ఫోటో దిగాలి. తల్లి ఆ ఫోటోను దుకాణం పేజీలో పెడుతుంది. అది చూసే సగం ఆర్డర్లు వచ్చేవి. అలాంటి పిల్ల ఒక సోమవారం గౌను తొడుక్కోనంది. మంగళవారం అన్నం సగంలో వదిలేసింది. బుధవారం బడి నుంచి ఎప్పుడూ వచ్చే దారిన కాక వీధులన్నీ చుట్టి వచ్చింది. ఏమైందంటే తలనొప్పంది. ఆ మూడు రోజులూ మిషను మీద తల్లి కాలు తొక్కుతూనే ఉంది గానీ, కుట్టు మాత్రం ఒక్కటీ తిన్నగా రాలేదు.

గురువారం సాయంత్రం గుండుసూది సంచి బల్ల మీద పడేసి కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. తల్లి ఎవరిదో పట్టుబట్ట చేతులకు కత్తిరిస్తోంది. సంచి జేబులో ఫోను వెలిగింది. అక్షరాలు పెద్దవే, కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

"రెండో ఫోటో ఇంకా పంపలేదు. రేపు మూడున్నరకి గేటు దగ్గర ఉంటా. మీ అమ్మకి చెప్పావో, మొదటిది మీ స్కూలంతా చూస్తుంది."

కత్తెర చేతి గీత దాటి, మెడ గీత కూడా దాటి, బట్ట అంచు దాకా పోయింది.

గుండుసూది తడి కాళ్ళతో వచ్చి నిలబడింది. తల్లి చేతిలో ఫోను చూసి కదల్లేదు.

"ఎవడు వీడు?"

"పిల్లల బట్టల కంపెనీ అన్నాడు. క్యాటలాగు కోసం మొహం ఫోటో అడిగితే ఒకటి పంపా. తర్వాత వేరే రకంవి అడిగాడు. పంపలేదమ్మా."

"గోడ మీద రాసి పెట్టానా లేదా? ఎక్కడుంటావో చెప్పొద్దని రాశానా లేదా?"

"నేనేం చెప్పలేదు. అన్నీ అతనికి ముందే తెలుసు. ఏ స్కూలో తెలుసు. ఎన్నింటికి వస్తానో తెలుసు. నడుము ఇరవై మూడని కూడా తెలుసు."

"ఎలా తెలుస్తుందే?"

గుండుసూది తల్లి ఫోను అందుకుని, దుకాణం పేజీ తెరిచి చూపించింది. బోర్డు కింద, తల్లే కుట్టిన యూనిఫాం వేసుకుని, జేబు మీద బడి గుర్తుతో నవ్వుతున్న తన ఫోటో. కింద తల్లి రాత: "మోడల్ మా అమ్మాయే. వయసు పదమూడు. నడుము ఇరవై మూడు. బడి మూడున్నరకి వదులుతారు, ఆ తర్వాత దుకాణంలోనే ఉంటుంది. వచ్చి చూడవచ్చు."

అలాంటివి రెండు వందల పన్నెండు ఉన్నాయి. శాసనంలోని ప్రతి నిషేధాన్నీ, పెట్టిన మనిషే సంవత్సరం పొడుగునా, కొలతలతో సహా, ఉల్లంఘించి ఉంది. కాజాల పిన్ని నోటి దాకా ఒక సామెత వచ్చింది. దాన్ని మింగేసి దారం కొరికింది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది తల్లి.

"ఫోను లాక్కుంటావని. తనిఖీ వేళకి ఆ మెసేజీలు దాచేసేదాన్ని."

ఫోను నిజంగానే తల్లి పిడికిట్లో ఉంది. ఆవిడ దాన్ని కూతురి వైపు బల్ల మీద పెట్టింది.

"లాక్కోను. తప్పు నీది కాదు. తప్పు వాడిది. కొలతలిచ్చింది నేను."

తర్వాత ఆవిడ చేసిన మొదటి పని ఆ మెసేజీలన్నీ తుడిచేయబోవడం. మురికి కనబడితే చెయ్యి ఆగదు.

"తుడవకు. అవి సాక్ష్యం," అంది గుండుసూది.

"ఈ మాత్రం తెలివి మొన్నేమైందే?" అంది పిన్ని.

"భయమేసింది అమ్మమ్మా."

పిన్ని చేతిలో సూదిని బట్టకు గుచ్చి లేచింది. దుకాణానికి తాళం వేసి, చెప్పులు వేసుకుని వాళ్ళతో పాటు పోలీస్ స్టేషనుకు బయల్దేరింది. అక్కడి అధికారిణి ప్రతి మెసేజీనీ ఫోటో తీసుకుంది. వాడికి జవాబు ఇవ్వొద్దంది, వాడిని బ్లాక్ చేయించింది. గేటు దగ్గర మఫ్టీలో మనిషిని పెడతామని, బడివాళ్ళతో తనే మాట్లాడతానని చెప్పింది. "పాప వివరాలు అతనికి ఎలా తెలిశాయి?" అని అడిగినప్పుడు తల్లి, "నేనే రాశానండి," అంది. కాగితంలో అదీ ఎక్కింది.

శుక్రవారం మూడింటికే ఆవిడ గేటు ఎదురుగా ఉంది. నిలబడ్డ ప్రతి మగమనిషినీ కళ్ళతో కొలిచింది. ఒకడికి భుజం పదిహేడు, ఇంకొకడికి పద్దెనిమిదిన్నర. గొడుగు పట్టుకున్నవాడు దొంగలా ఉన్నాడు. వాచీ చూసుకుంటున్నవాడు అంతకంటే దొంగలా ఉన్నాడు. బండికి ఆనుకుని ఊరికే నిలబడ్డ బుర్రమీసాల మనిషి మరీ అన్యాయం. వాడే అని ఆవిడ తేల్చేసుకుని నాలుగడుగులు వేసేసరికి, ఆ మనిషి చిన్నగా, "అమ్మా, మీరు అటే ఉండండి, నా పని చెడుతుంది," అన్నాడు. మఫ్టీలో పెడతామన్న మనిషి ఆయనే.

ఎవడూ రాలేదు. లేదా వచ్చి, చూసి, వెళ్ళిపోయాడు. ఏది నిజమో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

పిల్లలందరూ వెళ్ళాక ప్రధానోపాధ్యాయురాలు గుండుసూదిని చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించింది. తల్లీకూతుళ్ళు నడిచారు. వీధి మలుపు తిరుగుతుండగా సంచిలో ఫోను చిన్నగా మోగింది. గుండుసూది ఆగింది. మూడు రోజుల క్రితం ఇలాంటప్పుడు ఏం చేసి ఉంటుందో తల్లికి తెలుసు. తను ఏం చేసి ఉండేదో అంతకంటే బాగా తెలుసు. అందుకే చెయ్యి చాచలేదు, నోరు విప్పలేదు. ఆ రెండూ ఆవిడకు ఎంత కష్టమో పక్కనే ఉన్న చెప్పుల దుకాణం వాడికి కూడా తెలిసేంతగా నిలబడింది.

గుండుసూది ఫోను తీసి చూసి, తెరవకుండానే తల్లికి ఇచ్చింది.

"కొత్త పేరు. వాడే అనుకుంటా."

"చదివావా?"

"లేదు. ఒక్కదాన్నే చదవను."

చెప్పుల దుకాణం మెట్ల మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని దాన్ని తెరిచారు.