కొత్త కంట్రోలరూ, నా అనుమానాలూ

మొన్న ఆదివారం పార్శిల్ విప్పి కొత్త కంట్రోలర్‌ను చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. మరీ తేలిగ్గా ఉంది. మన చిన్నప్పటి వీడియో గేమ్ కంట్రోలర్లు పట్టుకుంటే చేతికి బరువు తెలిసేది, ఇదేమో ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. పైగా అట్టపెట్టె మీద ఒక రంగు, లోపల ఇంకో రంగు. ఎవరో వాడి పారేసిందాన్ని తుడిచి పంపారేమోనని వాసన కూడా చూశాను. నవ్వకండి, కుక్కర్ కొన్నా కుర్చీ కొన్నా వాసన చూడటం మా ఇంటి అలవాటు. మా నాన్న మెదక్ బజారులో తాళం కొంటే, దాన్ని వేసి తీసి, మళ్లీ వేసి తీసి, దుకాణదారు విసుక్కుని ఇంకొకటి చేతిలో పెట్టేదాకా కదిలేవాడు కాదు. ఆ గుణం అన్నకు కొంచెం వస్తే నాకు నిండుగా వచ్చింది.

ఈ వయసులో నాకు ఆటలేమిటని మీరనుకోవచ్చు. ఆట అన్న కోసం. పాపన్నపేటలో వ్యవసాయం చేసుకుంటూ దుక్కలా ఉండే మనిషికి మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. రోజూ దవాఖానకు తీసుకెళ్లి వ్యాయామం చేయించాలి కాబట్టి మెదక్‌లో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. వేళ్లకు పని చెప్పకపోతే ఉన్న కదలిక కూడా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే అన్న దాన్ని గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత అన్నం పెట్టినా, టీవీ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. అలాంటిది, నేనేదో వెతుకుతూ అమ్మ ట్రంకుపెట్టె తెరిచినప్పుడు మాత్రం అడుగున ఉన్న మా చిన్నప్పటి వీడియో గేమును చూసి ఎడమచేత్తో చూపించి, "గది ఇంక నడుస్తదా?" అన్నాడు. ఇన్నాళ్లలో తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

మొదటి కంట్రోలర్ వైరును ఎలుకలు కొరికేశాయి కనుక కొత్తది తెప్పించాను. రెండోది బాగానే ఉంది గానీ దానికి స్టార్ట్ గుండీ ఉండదు, మన తరం వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. స్టార్ట్ గుండీ ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లది, ఆ పెత్తనం ఎప్పుడూ అన్నదే. ఒక్క ఎండాకాలం మాత్రం, నేను పచ్చకామెర్లతో పడి లేచి పత్యం తింటున్న రోజుల్లో, అడగకుండానే ఆ మొదటి కంట్రోలర్‌ను నా ఒళ్లో పెట్టాడు. అంతేకాదు, ఎన్నడూ గెలవని నేను వరసపెట్టి గెలవసాగాను. నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. తెర వదిలేసి ఓరకంట అన్న బొటనవేలిని చూస్తే, నొక్కాల్సిన చోట నొక్కకుండా ఊరికే ఆనించి ఉంది. నిలదీశాను. "గుండీ సక్కగ పడ్తలేదే, నేనేం జెయ్యాలె?" అన్నాడు అమాయకంగా. నేను నమ్మలేదు, అయినా గెలవడం మానలేదు.

అలాంటి అన్న ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని చూస్తుండగా గేమును టీవీకి తగిలించాను. క్యాసెట్‌లోని ఆటల పట్టిక తెర మీదికి వచ్చింది, కానీ కొత్త కంట్రోలర్ మీద ఏ గుండీ నొక్కినా బాణం గుర్తు కదల్లేదు. క్యాసెట్ తీసి నోటితో ఊది పెట్టాను. ప్లగ్గు ఊడదీసి మళ్లీ పెట్టాను. "డూప్లికేట్ అంటగట్టిండ్రు నీకు, వాపస్ పంపు," అని అన్న కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం చూస్తే నాకు భయమేసింది. వాపసు పంపి ఇంకొకటి వచ్చేసరికి ఈ కోరిక మిగులుతుందా?

పంపినవాణ్ణి తిట్టుకుంటూనే, పోనీ పాతదాన్నీ పరీక్షిద్దామని ఆ రెండో కంట్రోలర్‌ను మొదటి సాకెట్లో పెట్టాను. అదీ పలకలేదు. కొత్తదీ పాతదీ ఒకేసారి చస్తాయా? అనుమానం కాస్తా కంట్రోలర్ మీంచి గేము మీదికి మళ్లింది. ఫోన్ టార్చి వేసి సాకెట్లోకి చూస్తే లోపల ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. తుప్పనుకున్నాను. అగ్గిపుల్లతో గీకి, మళ్లీ అలవాటు కొద్దీ వాసన చూశాను. పసుపూ కుంకుమా.

ప్రతి దసరాకూ అమ్మ కుట్టు మిషన్‌కూ నాన్న సైకిల్‌కూ బొట్టు పెట్టినట్టే దీనికీ పెట్టేది. వైర్లు తీసేసి, ముందువైపు ఉన్న మొదటి సాకెట్టే దాని మొహమని, తడి పసుపు అద్ది పైన కుంకుమ పెట్టేది. మేం ఆడుకునే రోజుల్లో ప్లగ్గు పెట్టీ తీసీ అది ఎప్పటికప్పుడు రాలిపోయేదేమో. మా పెళ్లిళ్లయి, ఆట మానేశాక కూడా అమ్మ మానలేదన్నమాట. తాను పోయే వరకూ ఏటా ట్రంకుపెట్టె తెరిచి, ఎవరూ ఆడని ఆటకు బొట్టు పెట్టి మూసింది. మాకు ఒక్కసారైనా చెప్పలేదు.

దాన్ని గీకేయడానికి చెయ్యి రాలేదు. అన్నకు చూపించాను. చాలాసేపు చూసి, "తియ్యి. అమ్మ గిది నడవాలనే పెట్టింది గద," అన్నాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి పిన్నుల చుట్టూ మెల్లగా తుడిచాను. ఎర్రబడ్డ దూదిని పారేయలేక దేవుడి అలమరలో పెట్టాను.

ఈసారి బాణం కదిలింది. కొత్తదాన్ని అన్న ఒళ్లో పెట్టి, పాతది నేను తీసుకుని పక్కన కూర్చున్నాను. అన్న స్టార్ట్ గుండీ మీద కుడి బొటనవేలు ఆనించాడు. అది వణికింది, జారింది, మళ్లీ ఎక్కింది, చివరికి నొక్కుకుంది. ఆ పాత సంగీతం మోగగానే వంటింట్లోంచి మా ఆయన తొంగిచూశాడు. మొదటి ఆట అన్న గెలిచాడు. రెండోదీ గెలిచాడు. మూడోసారి గెలిచాక చెయ్యి ఆపి నా వైపు అనుమానంగా చూశాడు.

"నువ్వు కావాలని ఓడిపోతున్నవా, చెల్లె?"

"గుండీ సక్కగ పడ్తలేదన్నా," అన్నాను.

అన్న మళ్లీ స్టార్ట్ నొక్కాడు గానీ, తెర వదిలేసి నా బొటనవేలినే చూస్తూ ఆడాడు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు కూడా ఆడతారు, ఎవరి ఫోన్‌లో వాళ్లు, ఎక్కడుంటారో తెలియని వాళ్లతో. అవతలివాడు తమ కోసం ఓడిపోతున్నాడేమోనన్న అనుమానం వాళ్లకు ఎప్పుడైనా వస్తుందో రాదో. మన ఆటలకు వైరు పొట్టిది, ఒకరి పక్కన ఒకరం ఆనుకుని కూర్చోక తప్పేది కాదు, అందుకే ఒకరి వేలు ఒకరికి కనపడేది. సక్కగ పడని నా గుండీని రేపు బాగు చేయించమని అన్న రోజూ గుర్తు చేస్తున్నాడు. అలాగేనంటున్నాను. ఆ వెంటనే కుడిచేత్తో స్టార్ట్ నొక్కుతున్నాడు.