ఖాళీ గడి, సున్నా

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో నన్ను నాంపల్లిలోని ఒక ప్రభుత్వ ఆఫీసుకు సీనియర్ సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. వినికిడి లోపం సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు అది. దవాఖానల నుంచి వచ్చే పరీక్ష అంకెలను రూల్స్ ఇంజిన్ చూస్తుంది. అంటే, ఆఫీసు నియమాలను వాక్యాలుగా రాసిపెడితే ప్రతి దరఖాస్తునూ వాటితో వరసగా సరిచూసే ప్రోగ్రాం. ఏ నియమం ముందు సరిపోతే దాని దగ్గరే ఆగి తీర్పు చెప్తుంది. ఆ నియమాలు రాసింది నేనే.

ఆ ఏడు వాన వదల్లేదు. మూడో అంతస్తు కిటికీలోంచి ఆబిడ్స్ వైపు చూస్తే దుకాణాల బోర్డులు కరిగి రోడ్డు మీదికి జారుతున్నట్టుండేవి. మధ్యాహ్నాలు కళ్లు తెరిచే పగటికలల్లోకి వెళ్లిపోయేదాన్ని. పని సాఫీగా నడుస్తోంది, అడిగేవాళ్లు లేరు. అలాంటి నిశ్చింతే కొంప ముంచుతుందని అప్పుడు తోచలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం మెదక్ నుంచి సుగుణమ్మ అనే మిషన్ బడి టీచరు, కూతురు గ్రేస్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. తిరస్కరించిన కాగితం నా ముందు పెట్టింది.

"మేడం, మా బిడ్డకు రెండు చెవులు మంచిగున్నయని రాసిన్రు. గదే నిజమైతే నాకంటె సంతోషపడేటోళ్లు ఎవరుంటరు? గీ సర్టిఫికెట్ లేకుంటే రేపటితోని కాలేజీ సీటు పోతది" అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దవాఖాన వాళ్లిచ్చిందే మా ప్రోగ్రాం చూస్తుంది, అక్కడికే పోయి అడగమని కసిరాను. గ్రేస్ ప్రింటరు మీద అరచెయ్యి ఆనించి, కాగితం కదిలినప్పుడల్లా తనలో తాను నవ్వుకుంటోంది. బయట పెద్దగా ఉరిమింది. నేను ఉలిక్కిపడ్డాను, ఆ పిల్ల తలెత్తలేదు. సిగ్గేసి రికార్డు తెరిచాను.

రెండు చెవుల గడులూ ఖాళీగా ఉన్నాయి. దవాఖానకు ఫోన్ చేస్తే టెక్నీషియన్ చెప్పాడు. యంత్రం చేయగల అతి పెద్ద శబ్దం కూడా వినపడకపోతే వాళ్లు కాగితం మీద కిందికి బాణం గీస్తారట. మా స్క్రీను బాణం తీసుకోదు కనుక గడి అట్లే వదిలేస్తున్నారట. ఆ పరీక్షలో సున్నా అంటే చక్కగా వినపడుతుందని అర్థం. ఖాళీ అంటే అసలేమీ వినపడలేదని.

నా మొదటి నియమం, వినికిడి నష్టం సున్నాకు సమానమైతే తిరస్కరించమని. ఆ పోలికను నేను వదులుగా, అంటే విలువల రకం పట్టించుకోకుండా రాశాను. ముప్పై అనే కొలతనే తీసుకుంటే, కొన్ని జిల్లాలు దాన్ని అంకెగా పంపేవి, కొన్ని లెక్కకు రాని వట్టి అక్షరాల కింద పంపేవి. వదులు పోలిక రెండింటినీ ఒకటే అనుకుని పని జరిపించేది. అదే ఉదారతతో ఖాళీని కూడా సున్నా అనుకుంది. కఠిన పోలికలో విలువతో పాటు దాని రకమూ కలవాలి. అక్కడ ఖాళీ, సున్నా ఎన్నడూ ఒకటి కావు.

కఠినం చేస్తే అక్షరాల్లో వచ్చినవన్నీ ఆగిపోతాయి, జర చూసి చేయమన్నారు మా డిప్యూటీ డైరెక్టరు. లోపలికి వచ్చేటప్పుడే అన్నింటినీ అంకెలుగా మార్చి, "వినపడలేదు" అనడానికి వేరే గుర్తు పెట్టి, ఆ తర్వాతే పోలిక బిగించాను. సాయంత్రం ఐదింటికి గ్రేస్ సర్టిఫికెట్ వచ్చింది. సుగుణమ్మ నా చేతులు పట్టుకుంటే నేను ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

పాతవి తిరగేస్తే ఇట్లాగే తిరస్కరించినవాళ్లు ఇంకో నలుగురు తేలారు. అందరికీ సర్టిఫికెట్లు పంపాం. ఒక అబ్బాయికి మాత్రం సీటు గడువు అప్పటికే దాటిపోయింది. ఎందుకు అడగలేదని ఉత్తరం రాస్తే, "మిషన్ చెప్పింది గదా, మాదే తప్పేమో అని ఊకున్నం" అని వాళ్ల నాన్న జవాబు రాశాడు.

పోలిక రాసేవాళ్లు అటూ ఇటూ ఏ రకం విలువలున్నాయో ముందు తేల్చుకోవాలి. ఖాళీ సున్నా కాదని నాకు తెలుసు. పని ఆగకూడదన్న ఆత్రంలో ఆ సంగతి ప్రోగ్రాంకు చెప్పకుండా వదిలేశాను. ఆ అబ్బాయికి ఒక సంవత్సరం పోయింది.