బిడారులో అయిదో ఒంటె

ఒంటె మీద బరువు కట్టే ముందూ, దించే ముందూ నర్సింగ్ చెయ్యి గంత కిందికి పోతుంది. గంత అంటే జీనుకూ వీపుకూ నడుమ వేసే మెత్త. మూపురం పక్కగా అరచేతిని దాని కిందికి దూర్చి, మూడు నాలుగు శ్వాసల సేపు అలాగే ఉంచుతాడు. అప్పుడు ఎవరు పిలిచినా పలకడు. తర్వాత చెయ్యి తీసి చూసుకుంటాడు. చెమట అయితే తుడుచుకుంటాడు. జిగట అయితే కట్లు విప్పేస్తాడు.

రాథోడ్ నర్సింగ్‌ది నిర్మల్ దగ్గరి తండా. ఖతార్ వచ్చి పందొమ్మిదేళ్లు. బిర్కత్ అల్ అవామిర్ దాటి ఎడారిలోకి పోతే ఒక అర్బాబ్‌కు, అంటే అరబ్బు యజమానికి, ఒంటెల కొట్టం ఉంది. అక్కడే అతని డ్యూటీ. అతని ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని నెలల తరబడి నడిచినవాళ్లు. రైలు వచ్చింది, లారీ వచ్చింది, ఆ నడక ఆగింది. దాని గురించి అతను గొప్పలు చెప్పుకోడు. ఎద్దులు పోయాక కూడా ఆ ఇంట్లో వీపు తడిమి చూసే అలవాటు మిగిలింది. అంతే.

ఈ చలికాలం ఒక సంస్థ పాతకాలపు బిడారును మళ్లీ నడిపిస్తానంది. అయిదు ఒంటెలు, మూడు రోజుల నడక, వెనక కార్లలో అతిథులు. అర్బాబ్ ఒంటెలను ఇచ్చాడు. వాటితో నర్సింగ్‌నూ, ఇద్దరు సూడాన్ కాపరులనూ పంపాడు. సంస్థ తరఫున అన్నీ చూసుకునేది ముజఫ్ఫర్ అలీ, హైదరాబాద్ మనిషి.

బయల్దేరేచోట పెద్ద బోర్డు పెట్టారు. హస ఒయాసిస్సు నుంచి ఖర్జూరం ఎలా వచ్చేదో, తీరం నుంచి బియ్యం ఎలా పోయేదో అందులో రాశారు. చివర ‘అలుపెరుగని ఒంటె’ అని ఉంది. ముజఫ్ఫర్ అలీ దాన్ని చదివి వినిపించాడు.

“అలుపు రాదని దీన్ని అడిగి రాసిన్రా?” అన్నాడు నర్సింగ్. సూడాన్ వాళ్లకు అర్థం కాకపోయినా నవ్వారు.

సంచులు కుట్టేసి వచ్చాయి. అలంకరణ పనివాళ్లు కుట్టారు. ముట్టుకోవద్దు, ముడులు మాత్రం వెయ్యమన్నారు. రెండు పక్కలా ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే ఎర్ర కుచ్చులు. నర్సింగ్ వీపులు తడిమాడు, బాగున్నాయి. సంచులు ఆ పనివాళ్లే ఎత్తి పట్టారు, తను ఎత్తి చూడలేదు. ముడులు వేశాడు.

మధ్యాహ్నం దాటాక మొదటి మజిలీలో ఒంటెలు మోకరిల్లాయి. అయిదోది షగ్రా, పదకొండేళ్ల ఆడ ఒంటె. దాని గంత కింది నుంచి తీసిన అరచెయ్యి ఎర్రగా వచ్చింది.

అప్పుడు సంచులు దించి, కుట్ల సందుల్లో వేలు పెట్టి చూశాడు. ఎడమ పక్క ఖర్జూరం. కుడి పక్క ఉన్ని. చూడటానికి కవలలు. బరువు మూడింతలు తేడా. పొద్దుటి నుంచి జీను ఎడమకు జారుతూ, ప్రతి అడుగుకూ ఒరుసుకుంటూ వచ్చింది. మిగతా నాలుగింటి సంచులూ అంతే, వాటి వీపులు ఇంకా చిట్లలేదు.

“సాబ్, దీనికి పుండు పడ్డది. రేపు ఎత్తద్దు.”

“పట్టు గుడ్డ కప్పు భాయ్. కనబడదు,” అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

“కనబడుడు కాదు సాబ్, బరువు. గీ సంచులు ఎవడు నింపిండు?”

“సైజు ఒక్కతీరు ఉండాలె. ఫోటోల వంకర రావద్దు. పోస్టర్ మీద అయిదు ఒంటెలున్నయి, నాలుగు తోలుతే నన్ను అడుగుతరు.”

“వీపు నీది కాదు గద.”

ముజఫ్ఫర్ అలీ ముఖం మారింది. “నాలుక జర కాబూల ఉంచుకో. అర్బాబ్‌కు ఒక్క ఫోన్ కొడ్తే వీసా కాన్సిల్ అయి ఇంటికి పోతవు. రేపు ఏడు గంటలకు అయిదు ఒంటెలు నిలబడాలె. యల్లా, నడువు.”

నర్సింగ్ బిడారు వెంట వచ్చిన నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయి చెయ్యి కడుక్కున్నాడు. దాని డ్రైవర్ వెంకటప్ప, రాయలసీమవాడు, అంతా విన్నాడు.

“ఏమప్పా, ఒంటెకు వకీలయినావా? ఫీజేమిస్తాది, పెంటికలా?”

“నవ్వకే అన్నా.”

“రెండు దినాలు గమ్మునుండలేవా? అది వాళ్ల ఒంటె. వాళ్లకు లేని నొప్పి నీకేల?”

“రెండు దినాలల్ల మాంసం పోయి బొక్క తేల్తది. పాత బిడారు అని బోర్డు రాసిన్రు. పాతోళ్లు గిట్లనే కడితే మొదటి మజిలీలనే సరుకంత ఇసుకల పోయేది. వాళ్ల పేరు పెట్టుకొని వాళ్లను ఎడ్డోళ్లను చేస్తున్రు.” తడి చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. “ముడి నేనే ఏసిన. ముట్టద్దన్నరు, ముట్టలే. ఒక్కసారి లేపి సూస్తే ఎరుకయ్యేది. గీ చేతులు దేనికున్నయే?”

వెంకటప్ప ఇక ఎకసెక్కం చెయ్యలేదు. మగ్గుతో నీళ్లు పోశాడు. “మాపటేళ పుండు కడుగుదాం. పసుపుండాది నా కాడ,” అన్నాడు.

మర్నాడు పొద్దున అతిథులు టీ తాగుతుండగా నర్సింగ్ పది సంచుల కుట్లూ కత్తితో కోశాడు. ఖర్జూరం, ఉన్ని చాప మీద కుప్పపోశాడు. ప్రతి సంచిలో సగం అది, సగం ఇది నింపాడు. గుడారం కర్ర ఒకటి పెరికి, రెండు కొనలకూ రెండు సంచులు తగిలించి, కావడిలా భుజానికెత్తి నిలబడ్డాడు. కర్ర ఒరిగితే దించి, గుప్పెడు తీసి, మళ్లీ ఎత్తాడు. కుచ్చులు ఊడిపోయాయి. సంచులు వంకరగా ఉబ్బాయి. అతిథులు టీ వదిలేసి వీడియోలు తీశారు. ముజఫ్ఫర్ అలీ దూరంగా ఫోన్‌లో అరుస్తున్నాడు. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. నాలుగు ఒంటెలకు నాలుగు జతలు కట్టి, పగ్గాలు సూడాన్ వాళ్లకిచ్చాడు. అయిదో జత చాప మీదే వదిలేశాడు. షగ్రాను లేపి, జీను గానీ గంత గానీ లేని వీపుతో, వచ్చిన దారినే కొట్టానికి నడిపించుకుపోయాడు.