బోర్లించిన పాల క్యాన్

2023 వేసవి మొదట్లో నేను మలక్‌పేటలోని ఒక చిన్న థెరపీ సెంటర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆటిజం ఉన్న పిల్లల కోసం నగరంలో చాలా చోట్ల సెంటర్లున్నాయి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. బడి ఆగిపోతుంది, ఆట ఆగిపోతుంది, ఇంట్లో ఒక మూల మంచం మిగులుతుంది. ఒళ్లు పెరుగుతుంది, షుగర్ వస్తుంది. అలాంటి పెద్దవాళ్లను మొబైల్ యాప్ సాయంతో నడిపించే పని మా సెంటర్ మొదలుపెట్టి నాకు అప్పగించింది.

నేను చెప్పబోయే మనిషిని మహేశ్ అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. అప్పటికి ముప్పైకి దగ్గర పడ్డాడు. శాలిబండ వెనక గల్లీలో ఇల్లు. బర్రెలు, పాల వ్యాపారం తాతల నాటి నుంచీ ఉన్న కుటుంబం. తల్లి లక్ష్మమ్మ పొద్దున్నే వాకిట్లో పాలు పోస్తుంది. అన్న నర్సింగ్ క్యాన్లు బండికి తగిలించుకుని చార్మినార్ చుట్టుపక్కల చాయ్ హోటళ్లకు వేసి వస్తాడు. మహేశ్ తక్కువ మాట్లాడతాడు. ఎవరైనా ముట్టుకుంటే తట్టుకోలేడు. డాక్టరు నడవమని గట్టిగా చెప్పాక అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చారు.

యాప్ పద్ధతి తేలికే. రోజూ ఎంత దూరం నడవాలో ముందే పెడతాం. దాన్ని గోల్ అంటాం. అంత దూరం నడవగానే ఫోన్‌లో గంట మోగుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి ఒక పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా తెలియడం ముఖ్యం. అది తెలిస్తే భయం తగ్గుతుంది. అందుకే మహేశ్‌కు సెంటర్ వరండాలో అదే నేర్పించాను. గంట మోగేదాకా నడవాలి, మోగగానే ఆగాలి. మధ్యలో కూర్చోబోతే ప్రతిసారీ లేపాను. బాగా నేర్పించానని గర్వపడ్డాను కూడా.

ఆ యాప్‌లో మనకు నచ్చిన చప్పుడు రికార్డు చేసి గంట బదులు పెట్టుకోవచ్చు. మొదటి రోజే లక్ష్మమ్మ అడిగింది.

"సారూ, మా ఇంట్ల పాలు పోసుడు అయిపోంగనే క్యాన్ బోర్లేసి మూతతోని కొడ్త. చిన్నప్పటి సంది వానికి అలవాటు. గా సప్పుడు ఇంటే సాలు, ఏ పనిల ఉన్నా ఇడిశిపెట్టి చేతులు కడుక్కొని బువ్వకు కూసుంటడు. అదే పెట్టరాదు?"

"యాప్‌ల మంచి మంచి గంటలున్నయమ్మా. క్యాన్ సప్పుడెందుకు?" అని నవ్వాను.

పక్కనే ఉన్న నర్సింగ్ కూడా నవ్వాడు. "సారు సదువుకున్నడే అమ్మా, నీ క్యాన్ ముచ్చట ఇడువు."

ఆమె మళ్లీ అడగలేదు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఇంటి నుంచి చార్మినార్ దాకా పోయి, ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చేవాడు. గల్లీ మొదట్లో గంట మోగేది. పుట్టి బుద్ధెరిగాక మహేశ్ ఒంటరిగా బయటికి పోయి రావడం అదే మొదలు. "మా వోడు గిప్పుడు సొంతంగ బజార్‌కు పోతుండు" అని లక్ష్మమ్మ పాలకొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

నడిచేవాళ్ల వివరాలు నాకు డాష్‌బోర్డ్‌లో, అంటే నా కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి. ఆ వారం మా సెంటర్‌కు డబ్బు సాయం చేసేవాళ్లతో మీటింగ్ ఉంది. మహేశ్ రోజూ నడిచే దూరాన్ని చూపించే గీత పైకి పోతే చూడటానికి బాగుంటుందనిపించింది. ముందురోజు సాయంత్రం నా కుర్చీలోంచి కదలకుండా అతని గోల్ పెంచేశాను. అతనికి చెప్పలేదు. ఇంట్లో వాళ్లకూ చెప్పలేదు.

మర్నాడు మీటింగ్‌లో ఉండగా నర్సింగ్ ఫోన్ చేశాడు.

"సార్, తమ్ముడు ఇంక ఇంటికి రాలే."

డాష్‌బోర్డ్ చూశాను. రోజూ నడిచేదానికంటే ఎక్కువే నడిచాడు. "ఫికర్ చెయ్యకు నర్సింగ్, మస్తు నడుస్తుండు. వస్తడు" అని పెట్టేశాను. ఆ గీతను గదిలో అందరికీ చూపించాను.

నర్సింగ్ మళ్లీ చేసినప్పుడు అతని గొంతు మారిపోయింది. "ఫోన్ బంద్ అయింది సార్. అమ్మ ఏడుస్తుంది. ఏడున్నడో జెర చెప్పు సార్!"

మళ్లీ చూశాను. తెర మీది మ్యాప్‌లో మహేశ్ ఎక్కడున్నాడో చూపించే చుక్క మొదటిసారి చూసిన చోటే ఉంది. అది కదలడం లేదు. ఎప్పుడో ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది. గల్లీ మొదట్లో గంట మోగకపోయేసరికి మహేశ్ వెనక్కి తిరిగి మళ్లీ చార్మినార్ వైపు పోయాడు. కొత్త గోల్ చేరేలోపే అతని చేతిలోని పాత ఫోన్ బ్యాటరీ అయిపోయింది. ఇక ఆ గంట మోగదు. మోగేదాకా అతను ఆగడు. బయట ఎండ మండిపోతోంది.

చార్మినార్‌కు రమ్మని నర్సింగ్‌కు చెప్పాను. స్కూటర్ మీద ఎట్లా పోయానో గుర్తులేదు. చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బండి ఒక పక్కన పడేసి పరుగెత్తాను. గాజుల దుకాణం ముందున్న పెద్దాయన్ని అడిగాను. "మోటా సా లడ్కా? హాత్ మే ఫోన్? సుబే సే చక్కర్ కాట్ రహా భాయ్! పానీ దియా తో భీ నై లియా" అని లాడ్ బజార్ వైపు చెయ్యి చూపించాడు. పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నాడట, నీళ్లిచ్చినా తీసుకోలేదట.

మహేశ్ ఎదురుగానే వస్తున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది, పెదవులు తెల్లగా పగిలాయి. ఒక కాలికి చెప్పు లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆరిపోయిన చర్మం. అంత ఎండలో చెమట పట్టడం ఆగిపోయిందంటే వడదెబ్బ ప్రాణం మీదికి వస్తున్నట్టు.

"మహేశ్, అయిపోయింది. ఆగు."

"గంట కొట్టలే" అన్నాడు. నన్ను తప్పించుకుని ముందుకు పోయాడు.

నా ఫోన్‌లో గంట మోగించి వినిపించాను. చేతిలోని తన ఫోన్ చూసుకున్నాడు. "నాది కొట్టలే. నాది కొట్టలే." నడక ఆగలేదు. ఎవరో సాయం చేద్దామని రెక్క పట్టుకున్నారు. మహేశ్ కేక పెట్టి పిడికిలితో తన తలే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. జనం మూగారు. ఆటోల హారన్లు. "పాగల్ హై క్యా?" అని ఒకడు, "పకడో" అంటూ పట్టుకోబోతూ ఇంకొకడు. "చోడో, ఛూనా నహీ!" అని, ముట్టుకోవద్దని నేను అరుస్తున్నాను. నా మాట వినేవాళ్లు లేరు. మహేశ్ తూలుతున్నాడు, అయినా అడుగు వేస్తున్నాడు.

అప్పుడు జనంలోకి నర్సింగ్ బండి దూసుకొచ్చింది. తమ్ముణ్ణి చూశాడు, నన్ను చూశాడు. బండికున్న క్యాన్ విప్పి, మిగిలిన పాలు రోడ్డు మీదే ఒంపేసి, బోర్లించి మూతతో కొట్టాడు. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

మహేశ్ ఆగాడు.

చేతులు దించాడు. గాజుల దుకాణం మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. "చేతులు కడగాలె" అన్నాడు. పెద్దాయన బకెట్‌తో నీళ్లు తెచ్చిపెట్టాడు. తువ్వాలు తడిపి మెడకు చుట్టి, దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోయాం. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి తేరుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో నర్సింగ్ అడిగాడు. "గిట్లెందుకైంది సార్?"

"యాప్‌ల ఏదో ప్రాబ్లమొచ్చింది" అన్నాను. అంత జరిగాక కూడా నా నోటికి వచ్చింది అబద్ధమే.

ఆ తర్వాత ఇంట్లో వాళ్లు మహేశ్‌ను గడప దాటనివ్వలేదు. పొద్దున్నే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడతాడట, ఎవరో ఒకరు గొళ్లెం పెడతారట. నర్సింగ్ ఫోన్‌లో ఈ మాట చెప్పాక ఆగలేకపోయాను. వాళ్లింటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. గోల్ పెంచింది నేనే, దాచిందీ నేనే అని.

నర్సింగ్ తల తిప్పుకున్నాడు. లక్ష్మమ్మ అడిగింది.

"వానికి జెప్పకపోతివి, నాకు జెప్పకపోతివి. మరి ఎవ్వలి కోసం నడిపిచ్చినవ్ సారూ?"

ఇప్పటికీ ఆ ప్రశ్నతోనే ప్రతి కొత్త కేసు మొదలుపెడతాను. పని ఎక్కడ ముగుస్తుందో ఒక మనిషికి మాట ఇచ్చి, అతని వెనక ఆ ముగింపును జరిపేశాను. మందు మోతాదు చెప్పకుండా మార్చడం కంటే అది చిన్న తప్పేమీ కాదు. ఇప్పుడు గోల్ మార్చాల్సి వస్తే నడిచే మనిషి ముందు, అతని వేలితోనే మారుస్తాను. గంట మోగకపోయినా ఆగడం ఎట్లాగో ముందుగా నేర్పిస్తాను.

మహేశ్‌ను మళ్లీ నడకకు పంపేందుకు లక్ష్మమ్మ ఒప్పుకోవడానికి ఇంకా సమయం పట్టింది. ఒప్పుకున్న రోజు ఆమెతోనే క్యాన్ కొట్టించి ఆ చప్పుడు ఫోన్‌లో పెట్టాను. ఫోన్ మహేశ్ చేతికిచ్చి, "ఎంత దూరం పోదాం? నువ్వే పెట్టు" అన్నాను.

అతను వేలితో గోల్ తగ్గిస్తూ పోయాడు. ఆ దూరంలోంచి చార్మినార్ పోయింది, శాలిబండ రోడ్డు పోయింది. గల్లీ మూల దాకా వచ్చాక ఆపాడు. ఇంకొంచెం పెంచమని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మహేశ్ గల్లీ మూలకు ఒక్కడే నడిచాడు. లక్ష్మమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. చేతిలో ఫోన్ ఠంగ్‌మంది. అక్కడి అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాడు.