దోమమ్మ ఎత్తుకున్న కోడిపిల్ల

కోళ్ల షెడ్లవాళ్లందరికీ ఆమె దోమమ్మ. పని అలాంటిది మరి! కోడి రెక్క విప్పి, అడుగున నాలుగు ఈకలు పీకి, నీలంగా కనిపించే నరంలోంచి కాస్త రక్తం లాగుతుంది. ల్యాబ్‌కి తెచ్చి పరీక్ష చేస్తుంది. జబ్బు వచ్చి తగ్గిపోయినా రక్తంలో యాంటీబాడీలు అంత తొందరగా పోవు, వాటిని చూస్తే ఆ మందకి ఏ వైరస్ తగిలిందో తెలిసిపోతుంది. "దోమమ్మ వస్తోంది, చేతులు దాచుకోండ్రోయ్!" అని షెడ్లవాళ్లు ఏడిపించేవారు. ఆవిడేం తక్కువ తిన్నదా? "మీ రక్తం నాకెందుకయ్యా, అందులో టీ తప్ప ఇంకేముంది!" అనేది.

ఆ ఉద్యోగానికి ఒక కట్టుబాటుంది. రోగం వెంటబెట్టుకు పోకుండా, ఒక షెడ్డులోకి వెళ్లిన రోజు ఇంకో షెడ్డులో అడుగు పెట్టకూడదు. తలస్నానం చేసి, బట్టలన్నీ మార్చి, మర్నాడే వెళ్లాలి. ఎంతమంది బతిమాలినా దోమమ్మ వినేది కాదు. కానీ సొంత అక్క బతిమాలితే ఏం చేస్తుంది చెప్పండి?

పనిచేసే బట్టల మిల్లు మూతపడ్డాక అక్కకి కోళ్లే దిక్కయ్యాయి. ఇంటి వెనక షెడ్డు వేసింది, కోడిపిల్లలమ్మే ఒక ముసలాయన దగ్గర గుడ్లు పెట్టే జాతి పిల్లల్ని తెప్పించింది. అవి దిగిన రోజే ఫోన్ చేసింది. "మా ఇంటి ముందునుంచే పోతావు, లోపలికి మాత్రం రావు. మేమంత చేదైపోయామా?"

ఆ మాటకి దోమమ్మ మనసు చివుక్కుమంది. పొద్దున ఆవిడ వెళ్లింది దగ్గుతున్న కోళ్ల షెడ్డుకి. అయినా ఒక్క నిమిషమేగా అనుకుంది. కోటు తీసేసింది, బూట్లు మార్చింది, మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. తలకి చుట్టుకున్న గుడ్డ సంగతే మర్చిపోయింది. అక్క నవ్వుకుంటూ ఒక పిల్లని చేతిలో పెడితే, చెంపకి ఆనించుకుని ముద్దు చేసింది కూడా. ఎంత పని చేసింది!

వారం తిరక్కుండా పిల్లల గొంతుల్లో గరగర మొదలైంది. నాలుగు రోజుల్లో తగ్గింది. "జలుబు చేసిందే, పోయింది" అని అక్క ఊపిరి పీల్చుకుంది. దోమమ్మకి మాత్రం తిండి సయించలేదు.

అవి కాస్త పెరిగాక తనే వచ్చి రక్తం తీసింది. ఫలితం చూసి, నమ్మలేక మళ్లీ ఒకసారి సరిచూసుకుంది. టీకా వల్ల వచ్చేదానికన్నా యాంటీబాడీలు ఎక్కడో పైన ఉన్నాయి. అదే రోజు అదే ముసలాయన దగ్గర కొన్న పిల్లలు మరో ఇద్దరి షెడ్లలో ఉంటే, వాటికీ పరీక్ష చేసింది. అవి శుభ్రంగా ఉన్నాయి. ఆ దగ్గుతున్న షెడ్డు కోళ్లకేమో ఇదే జబ్బు. ఇంక ఎవర్ని అనుమానించాలి?

మర్నాడు పని మానుకుని, తలంటుకుని, అక్క దగ్గరికెళ్లింది. "అక్కా, అంత పసిగా ఉన్నప్పుడు ఇది తగిలితే లోపల గుడ్డు తయారయ్యే గొట్టం పాడవుతుంది. పెరుగుతాయి, తలమీద తురాయి ఎర్రబడుతుంది, గూట్లో కూర్చుంటాయి కూడా. చాలావాటికి గుడ్డే రాదు."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబుక్కున ఫోన్ అందుకుంది. "ఆ ముసలాడే! జబ్బు పిల్లల్ని అంటగట్టాడు. నీ నోట్లో మట్టిపడ! నా కడుపు కొట్టి నువ్వేం బాగుపడతావురా?"

"అమ్మా, నా పిల్లలకి ఏ రోగమూ లేదమ్మా..." అని అవతల ముసలాయన మొత్తుకున్నాడు.

దోమమ్మ నోరు మూసుకుంటే అక్కడితో సరిపోయేది. ముసలాయన ఎక్కడో ఉంటాడు. అక్క ఎదురుగా ఉంది, అమ్మ పోయాక తనకి జడలేసి బడికి పంపిన అక్క. చెబితే ఈ అక్క ఉంటుందో ఉండదో. అయినా అక్క చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"పెద్దాయనా, తప్పు మీది కాదు. మీ పిల్లలు బాగానే ఉన్నాయి. జబ్బు షెడ్డునుంచి తిన్నగా ఇక్కడికొచ్చి నేనే అంటించాను. మమ్మల్ని క్షమించండి."

ఫోన్ పెట్టేసి, అక్క కొడుతుందేమోనని అలాగే నిలబడింది. కొట్టినా బాగుండేది. అక్క దాణా బస్తా మీద కూలబడింది. షెడ్డులో పిల్లలు గింజల కోసం తోసుకుంటూ గోల చేస్తున్నాయి.

"ఎందుకు చెప్పావే?" అంది అక్క. "వాణ్ణయితే బతికినన్నాళ్లూ తిట్టుకుంటూ బతికేసేదాన్ని. నిన్నేమని తిట్టను?"