ఇంజన్ మోగని సోమవారం

సీమోను పొద్దున లేచి ఆటోను స్టార్ట్ చేసేవాడు కాదు, తోసేవాడు. ఇంటి ముందు నుంచి రేకుల ప్రార్థన మందిరం దాకా తోసుకుంటూ వెళ్లి, అక్కడ ఆగి, హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. "తండ్రీ, ఇయ్యాల ఎక్కేటోళ్లను సల్లగ దించు" అనేవాడు. అంతే ప్రార్థన. తర్వాత సీట్లోకి ఎగిరి కూర్చుని బండిని వదిలేసేవాడు. ఊరు గుట్ట మీద ఉంది కనుక మొదటి మలుపు దాటేదాకా ఖాళీ ఆటోకు ఇంజనుతో పని పడేది కాదు.

ఈ అలవాటుకు మూలం డీజిల్ కాదు, ఒక పసిపాప. పక్కింటి దేవదాస్ మనవరాలు పుట్టిన కొత్తలో రాత్రంతా ఏడ్చి తెల్లవారుజామున కన్ను మూసేది. సరిగ్గా అప్పుడే సీమోను ఆటో డబడబమనేది. వాళ్లు ఒక్క మాట అనలేదు. వీళ్లు అడగనూ లేదు. మర్నాటి నుంచి సీమోను తోసుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. ఆ పాప ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది. అలవాటు మాత్రం ఉండిపోయింది.

సీమోనుది పెద్దపల్లి దిక్కు. ఆరాధనను పెళ్లి చేసుకుని బోథ్ దగ్గరున్న ఈ గుట్ట ఊరికి ఇల్లరికం వచ్చి ఆరేళ్లయింది. ఊరికీ బోథ్‌కూ ఏడు కిలోమీటర్లు. ఏ దిగుడులో బండి తనంతట తాను పోతుందో, ఏ గుంత దగ్గర ఆగుతుందో అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు.

ఆ యేడు ఉగాదికి ముందు డీజిల్ ధర రోజుకు ఎనభై పైసల చొప్పున ఎగబాకింది. వంద దాటినా ఆగలేదు. కిరాయి పెంచుదామంటే ఎక్కేది పత్తి కూలీలు. వాళ్ల ముఖం చూసి అడగడానికి సీమోనుకు నోరు వచ్చేది కాదు. బోథ్ స్టాండులో పాతిక ఆటోలవాళ్లదీ అదే అవస్థ.

ఉగాది నాడు భూమన్న ఇంటి నుంచి బకెట్టెడు పచ్చడి తెచ్చాడు. స్టాండులో గ్లాసులు చేతబట్టుకునే అందరూ మాట్లాడుకున్నారు. స్టాండుకు పెద్ద మునీర్. సోమవారం బంద్ చేసి, తహసీల్దారుకు కాగితం ఇద్దామన్నాడు.

"మనం బంద్ జేస్తె డీజిల్ దిగుతదా మునీర్ భాయ్? మన పొయ్యి ఆరుతది గంతే" అన్నాడు భూమన్న.

"దిగదు భయ్యా. గని కాలు దొక్కినంక మనిషి అబ్బా అంటడా అనడా? గా అబ్బా అన్నా అనొద్దా?"

"పోయిన బంద్‌ల గట్లనే అన్నం. పొద్దు తిరగకముందే నలుగురు ఆటోలు తీసిన్రు. బజారంత నవ్వింది."

"అందుకే గీసారి కసమ్ తిందాం" అన్నాడు మునీర్. సోమవారం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఏ ఆటో ఇంజనూ మోగకూడదు. పురుడు, పాముకాటు తప్ప మరో మినహాయింపు లేదు. ఎవరి ఇంజన్ మోగితే వారు నెల దాకా స్టాండు గడప తొక్కకూడదు. అందరూ ఒట్టుకు ఒక చెయ్యి ఎత్తారు. సీమోను పచ్చడి గ్లాసు కింద పెట్టి మరీ రెండు చేతులెత్తాడు.

ఇంటికొచ్చేసరికి గడపలో అదే ఊరి ముసలి లచ్చవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో రెండు చీరలు, ఒక దువ్వెన.

"సోమారం ఎన్ని గంటలకు పోదాం కొడుకా?" అంది.

సీమోను వచ్చినవాడు వచ్చినట్టే గడప ముందు ఆగాడు. నెల కిందట ఆమెకు మాట ఇచ్చింది తనే. కంటి దవాఖాన బస్సు సోమవారం బోథ్‌కు వచ్చి తొమ్మిదింటికి కదులుతుంది. పేర్లు రాసుకున్నవాళ్లను ఆదిలాబాద్ తీసుకుపోయి కంట్లో పొర తీసే మోతిబిందు ఆపరేషన్ చేసి పంపుతారు. మళ్లీ ఆ బస్సు వచ్చేది వానలు వెలిశాకే. అప్పటిదాకా ఆగితే రెండో కన్ను కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. పండుగ సంబరంలో తారీఖు మరిచి అతను రెండు చేతులెత్తి వచ్చాడు.

లచ్చవ్వ ఒకప్పుడు పత్తి కాంటా దగ్గర సింహం. అక్షరం రాదు కానీ అంకెలు వచ్చు. కాంటా ముల్లు ఒక్క గీత జరిగినా పట్టేసేది. ఇప్పుడు పత్తి ఏదో, ఎండుటాకు ఏదో తెలియక చేనుకు పోవడం మానేసింది. ఒకసారి బండి మీంచి పడ్డప్పటి నుంచి ఆమె నడుము ఎడ్లబండి కుదుపునూ తట్టుకోదు, మోటరు సైకిలునూ తట్టుకోదు. ఆటో ఒక్కటే దిక్కు.

ఆదివారం మందిరంలో ప్రార్థన ముగిసినా ఉపవాసం విడవకుండానే సీమోను బోథ్ వెళ్లాడు. అవి ఈస్టరుకు ముందు వచ్చే సిలువ శ్రమల ఉపవాస దినాలు. మునీర్ ఇంట్లో రంజాన్ మొదటి రోజా ఉపవాసం. అజాన్ వినపడగానే అతని భార్య షాహిదా ఇద్దరి ముందూ ఒకే పళ్లెంలో ఖర్జూరాలు పెట్టింది. సీమోను నోట్లో గింజ ఉండగానే సంగతి చెప్పాడు.

మునీర్ ఖర్జూరాల పళ్లెం సీమోను వైపు జరిపాడు. "లచ్చవ్వ నాకు పరాయిదా సీమోన్? నేను ఇయ్యాల నీకు సరే అంటె, రేపు ఒకడు పెండ్లి అంటడు, ఇంకొకడు పత్తి అంటడు. బంద్ మల్ల చెదిరిపోతది. నువ్వు పో. నేనేం అన. గని ఇంజన్ మోగితె స్టాండుల నీ దిక్కు నేను మాట్లాడలేను."

షాహిదా మాత్రం గుమ్మం దాకా వచ్చి, "లచ్చవ్వకు ఇయ్యి" అని కాగితంలో నాలుగు ఖర్జూరాలు చుట్టి ఇచ్చింది.

సోమవారం సీమోను లేచేసరికి మనసు రాయిలా ఉంది. లచ్చవ్వకు ఏం చెప్పాలో తేలలేదు. కాళ్లు మాత్రం వాటి పని అవి చేశాయి. అలవాటు ప్రకారం ఆటోను మందిరం దాకా తోశాడు. హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు ప్రార్థనకు మాటలు రాలేదు. కళ్లు తెరిచాడు. ఎదురుగా దారి దిగుతూ దిగుతూ బోథ్ వైపు పోతోంది.

దేవుడు కొన్నిసార్లు జవాబును మన కాళ్ల కిందే పెట్టి, మనం చూసేదాకా ఓపిగ్గా ఉంటాడు.

"ఆరాధనా! లచ్చవ్వను దీస్కరా! జల్ది!" అని కేకేశాడు సీమోను.

దిగుళ్లలో అతను బ్రేకు మీద కాలు తియ్యకుండా మనిషి నడకంత నిదానంగా వదిలాడు. చదునైన చోట దిగి హ్యాండిల్ పట్టుకుని లాగాడు. ఆరాధన కొంగు దోపుకుని వెనక నుంచి నూకింది. లచ్చవ్వ వెనక సీటు మధ్యలో రాణిలా కూర్చుంది.

"ఇదేం ఆటోరా సీమోనూ, సప్పుడే లేదు! ఉరుకుతుందా, నిలవడ్డదా?"

"ఉరుకుతుంది అవ్వా. జర గట్టిగ పట్టుకో."

"ఉరుకుతె నీ పెండ్లాం ఎనకనుంచి నడుసుకుంట నాతోని ముచ్చట ఎట్ల పెడుతుందిరా?"

ఆరాధన నవ్వి నవ్వి నూకుడు ఆపి నడుం పట్టుకుంది.

వాగు మీది కల్వర్టు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. అక్కడ అర కిలోమీటరు ఎక్కుడు ఉంది. సగం దాకా ఇద్దరూ నెట్టగలిగారు. ఆపైన చక్రం కదల్లేదు. సీమోను టైరు కింద రాయి పెట్టి తల పైకెత్తాడు. గడ్డ మీద జెండా పట్టుకుని పదిహేను మంది ఆటోవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ ఆటో తియ్యకుండా కాపలాకు వచ్చినవాళ్లు. టైమ్ ఎనిమిదిన్నర దాటింది.

"సూసినవా మునీర్ భాయ్? రెండు చేతులెత్తినోడే ముందుగాల తీసిండు!" భూమన్న గొంతు వాగంతా మారుమోగింది.

మునీర్ దిగి వచ్చాడు. చెమటతో తడిసిన సీమోనును చూశాడు. ఆరాధన మట్టి కొట్టుకున్న చేతులు చూశాడు. వెనక్కి వెళ్లి ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"అరే భూమన్నా! దిగి రా! చెయ్యి పెట్టి సూడు. బావిల నీళ్ల లెక్క సల్లగున్నది!"

భూమన్న వచ్చి చెయ్యి పెట్టాడు. ఇంకొకరు పెట్టారు. ఊళ్లో కొత్తగా పుట్టిన దూడను చూసినట్టు పదిహేను మందీ వంతులవారీగా ఇంజనును తడిమి చూశారు.

"ఊరినుంచి గిట్లనే తెచ్చినవా?" అన్నాడు భూమన్న. గొంతులో ఎకసెక్కం పోయింది.

"దిగుడు దిగుడంత దేవుడు తెచ్చిండు. ఎక్కుడు మీ కోసం ఉంచిండేమో" అన్నాడు సీమోను.

"ఇంగ ఏం జూస్తున్నర్రా? మన జులూస్ ఇదే!" అని మునీర్ జెండా తెచ్చి లచ్చవ్వ చేతిలో పెట్టాడు. "లచ్చవ్వా, లేపి పట్టుకో. నువ్వే మా లీడర్."

"లీడర్‌నైతె తొందరగ నూకుర్రి" అంది లచ్చవ్వ.

పదిహేను మంది చేతులు పడేసరికి ఆటో ఎక్కుడును ఊపిరి తీసుకోకుండా ఎక్కింది. బోథ్ బజారులో జనం దుకాణాలు వదిలి బయటికి వచ్చారు. ఎవరో చెంబుతో నీళ్లు ఇచ్చారు. రోజాలో ఉన్న మునీర్ వద్దన్నాడు. అతన్ని చూసి సీమోనూ వద్దన్నాడు. ఇస్త్రీ కొట్టు మనిషి అది గమనించి తన తువ్వాలను తడిపి పిండి, చెరి సగం చించి, ఇద్దరి తలల మీద కప్పి వెళ్లిపోయాడు.

తొమ్మిది దాటి పావుగంట అయింది. దవాఖాన బస్సు ఇంకా అక్కడే ఉంది. మంచితనంతో ఆగలేదు పాపం. ఆ ఊరేగింపు చూడడానికి వచ్చిన జనంతో దారి నిండిపోయి ఎటూ కదల్లేకపోయింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టి, "నాది గూడ డీజిల్ బండే అన్నా, ఆదిలాబాద్ దాంక నూకుతరా?" అన్నాడు. బజారంతా గొల్లుమంది. ఈసారి నవ్వు వాళ్ల మీద కాదు, వాళ్లతో కలిసి.

ఆరాధన లచ్చవ్వను ఎక్కించి, ఖర్జూరాల పొట్లం ఒళ్లో పెట్టింది. అటు మునీర్ కాగితం పట్టుకుని తహసీల్దారు ఆఫీసు వైపు నడిచాడు. డీజిల్ దిగుతుందని ఎవరూ అనుకోవడం లేదు. అయినా పాతిక మంది నోట ఒకే అబ్బా వచ్చింది. ఆ సంతోషం అందరి ముఖాల్లోనూ ఉంది.

సీమోను బస్సు కిటికీ దగ్గరికి వెళ్లాడు. లచ్చవ్వ చెయ్యి బయటికి చాపి అతని ముఖం తడిమింది. అతను ఊరికి వచ్చేనాటికే ఆమె కళ్లకు పొర కమ్మింది. ఆరేళ్లుగా అతన్ని గొంతుతోనే గుర్తుపట్టేది.

"వచ్చినంక నీ మొకం జూస్త కొడుకా" అంది.

"నా మొకానిదేమున్నది గని, నాకొక్క సాయం జెయ్యి అవ్వా" అన్నాడు సీమోను. "ఎల్లుండి బస్సు మల్ల గా డీజిల్ బంకు ముంగటికెళ్లే వస్తది. కొత్త కండ్లతోని ముందుగాల బంకు బోర్డు మీది అంకె జూడు. తగ్గితె దిగంగనే చెప్పు. పెరిగితె మాత్రం, ముందే తెలిస్తె నాకు బలముండది, ఇంటిదాంక నూకినంక చెప్పు."