హెల్మి సీసాలో సరస్సు

హెల్మికి నాచంటే ప్రాణం అంటే మా థండర్ బేలో అందరూ నవ్వేవారు. మా ఊళ్లో జనం చేపల గురించి మాట్లాడతారు, మంచు గురించి మాట్లాడతారు. నాచుని మాత్రం పడవ అడుగునుంచి గీకేటప్పుడు తిట్టుకుంటారు, అంతే. ఆ నాచుని సీసాల్లో పెట్టి బతికించడమే మా ప్రయోగశాలలో హెల్మి ఉద్యోగం. పక్క బల్ల నాది, గాజుసామాను చూసుకునేదాన్ని.

ఆ సీసాల్లో ఒక జత మాత్రం ఆమె సొంతం. అడవిలో ఓ చిన్న సరస్సు ఉండేది. గనివాళ్లు దాన్ని మట్టితో పూడ్చేస్తారని తెలిసి, ఆమె మొగుడు ఐమో తెడ్డు పడవ వేసుకెళ్లి ఒక సీసాడు నీళ్లు పట్టుకొచ్చాడు. ఆ చలికాలమే గుండె ఆగి పోయాడు. సరస్సూ లేదు, మనిషీ లేడు. ఆ నీళ్లలో పచ్చదనం మాత్రం మిగిలింది.

"మీ ఆయన ఇవాళ నీరసంగా ఉన్నాడేం?" అని ఆ సీసాని చూపించి ఏడిపించేదాన్ని.

"నీ నోట్లో మన్ను పడ! తిని పడుకున్నాడు. బతికున్నప్పుడు మాత్రం ఏం చేశాడు?" అనేది.

నాచు పెంచేవాళ్లకో కట్టుబాటుంది. పాత సీసాలోంచి నాలుగు చుక్కలు కొత్త నీళ్లలో వేస్తారు. కొత్తది పచ్చబడేదాకా పాతదాన్ని ముట్టుకోరు. హెల్మి ఏనాడూ ఆ మాట తప్పలేదు. ఊరి పక్క పెద్ద సరస్సు నీళ్లు తెచ్చి, పాత దుప్పటి గుడ్డలో వడకట్టి, కాచి చల్లార్చి పోసేది.

ఆ గుడ్డ చిరిగిపోయింది. కూతురు కైసా పుట్టినరోజుకి కొత్తది పంపింది. తెల్లగా, మెత్తగా ఉంది, క్రిములు చేరవట. "చూశావా నా కూతురి ఎంపిక!" అని కనబడ్డవాళ్లందరికీ చూపించింది.

అంతలో హెల్మికి మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది. "నేను లేనన్నాళ్లూ పస్తుంటాడే" అని, కట్టుబాటు కూడా మరిచి, కొత్త గుడ్డలో వడకట్టిన నీళ్లు పాతా కొత్తా రెండు సీసాల్లోనూ పోసేసి వెళ్లింది. ప్రేమ ఎక్కువైతే ఇంతే.

చేతికర్రతో తిరిగొచ్చేసరికి రెండు సీసాలూ తేటగా ఉన్నాయి. అడుగున పాలిపోయిన మడ్డి. గుడ్డ అట్టపెట్టె మీద చదివితే తెలిసింది, దానికి వెండి నలుసులు పట్టించారు. మా సూక్ష్మదర్శినికి కూడా ఆననంత సన్నవి. నీళ్లలోకి రాలి నాచుకి అంటుకుంటాయి, వెలుతురుని తిండిగా మార్చుకునే సత్తువ తీసేస్తాయి. క్రిమిని చంపేది నాచుని వదులుతుందా అని ఒక్కడూ అడగడు. ఇలాంటి గుడ్డలు ఉతికిన నీళ్లు చివరికి ఏ సరస్సులో కలుస్తున్నాయో అంతకన్నా అడగడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మడ్డిని మంచి నీళ్లలోకి మార్చి, కిటికీలో పెట్టి ఎదురుచూసింది హెల్మి. వసంతం వచ్చింది, మంచు కరిగింది. సీసా పచ్చబడలేదు.

"తిండి పెట్టి చంపానే" అంది. ఆమెని పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఆ ఆదివారం కైసా వచ్చింది. ముగ్గురం కాఫీ, యాలకుల రొట్టె ముందు కూర్చున్నాం.

"అమ్మా, గుడ్డ బాగుందా?"

నిజం నోటిదాకా వచ్చింది నాకు. హెల్మి నా వైపు ఒక్క చూపు చూసింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"భలే ఉందే తల్లీ. చుక్క మురికి దిగనివ్వదు."

"నాన్నెలా ఉన్నాడు?"

"ఉన్నాడు. పడుకున్నాడు."

కైసా ముఖం వెలిగిపోయింది. "నీకు నచ్చుతుందని తెలుసమ్మా" అంటూ సంచిలోంచి ఇంకో గుడ్డ తీసింది.

హెల్మి రెండు చేతులా అందుకుని, మడత నలక్కుండా ఒళ్లో పెట్టుకుంది.